ఎత్తి పోసుకున్న నంగోన

ఆ రోజుల్లో మా అమ్మ లెక్కన లోకంలో రెండే రకాల వస్తువులుండేవి. ఎంగిలైనవి, ఇంకా కానివి. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. ఒక్క సీసాకు నలుగురు నోళ్లు పెట్టి తాగి, మూతి చేత్తో తుడుచుకుని, ఐదోవాడికి ప్రేమగా అందించే కాలం ఇది. మా అమ్మ ఉండి ఉంటే ఆ ఐదోవాణ్ణి చెవి పట్టుకుని నదిలో ముంచి తెచ్చేది. నాకిప్పుడు డెబ్బై దాటాయి. మా అయ్య ఫిజీలో బా అనే నది ఒడ్డున ఇసుకలో నా వేలు పట్టి దిద్దించిన అక్షరాలతోనే ఇదంతా రాస్తున్నాను. రాతలో వంకరలు కనిపిస్తే ఆ తప్పు నదిది, నాది కాదు. సగం అక్షరం దిద్దేసరికి నీళ్లొచ్చి చెరిపేసేవి.

విశాఖపట్నం పక్క పల్లె నుంచి మా అయ్య, అమ్మ గిర్మిట్ మీద ఫిజీకి ఓడెక్కినప్పుడు నాకు ఐదేళ్లు. గిర్మిట్ అంటే ఐదేళ్ల పాటు చెరకు తోటలో పని చేస్తామని వేలిముద్ర వేసి ఇచ్చిన కాగితం. ఓడలో అందరికీ ఒకే బానలో వంట, ఒకే వరసలో రేకు పళ్లేలు, పక్కన కూర్చున్నవాడు ఎవడో, ఏ ఊరివాడో. ఊళ్లో అయితే ఆమడ దూరంలో కూర్చునేవాళ్లంతా ఓడ ఊగినప్పుడల్లా ఒకళ్ల ఒళ్లో ఒకళ్లు పడేవాళ్లు. మా అమ్మ మూడు రోజులు తినకుండా ఏడ్చి, నాలుగో రోజు ఆకలికి తాళలేక పళ్లెం ముందుకు లాక్కుందట. కానీ ఒక్కటి మాత్రం వదల్లేదు. చిన్న ఇత్తడి చెంబు కొంగులో కట్టుకుని తెచ్చింది. ఓడ ఎంత ఊగినా సరే, ఆ చెంబును జానెడు ఎత్తున పట్టి, పెదవి తగలకుండా, ఒక్క చుక్క కింద పడకుండా గుటగుటా తాగేది. "కులం పోనాది, ఊరు పోనాది, అన్నీ సముద్రంలో కలిసిపోనాయి. ఇదొక్కటే మిగిలినాది నాకాడ," అనేది. నేను అలాగే తాగబోయి ముక్కుతో తాగేదాన్ని. (ఆ విద్య నాకు ఇప్పటికీ పట్టుబడలేదు. ఈ కథ చివర మీకే తెలుస్తుంది.)

బా దగ్గర కూలీ లైన్లలో ఒక గదిలో ఐదేళ్లు గడిపాం. గది అంటే మీరు పెద్దగా ఊహించుకోకండి. ముగ్గురం పడుకుంటే నాలుగో మనిషి నిలబడాలి. గోడలు కప్పు దాకా ఉండేవి కావు. అటు గదిలో తుమ్మితే ఇటు గదిలో మా అమ్మ 'చిరంజీవ' అనేది. అలాంటి గదిలోనే గిర్మిట్ ముగింపుకొచ్చింది. ఒక ఉదయం హాజరు పిలిచేటప్పుడు కులంబరు (తోటలో మమ్మల్ని కాపలా కాసే తెల్లదొరను అందరం అలాగే పిలిచేవాళ్లం) మా అయ్యతో ఖచ్చితంగా చెప్పేశాడు. పై శనివారం లోగా ఇంకో గిర్మిట్‌కి వేలిముద్ర వేయాలి, లేకపోతే గది ఖాళీ చెయ్యాలి. కొత్త ఓడ వస్తోంది, కొత్త జనానికి గదులు కావాలి.

అమ్మ ఆ మాట విని పిసరంత కూడా కంగారుపడలేదు. ఎందుకంటే ఆవిడ తన ఇల్లు ఎప్పుడో కట్టేసుకుంది, మనసులో. లైన్ల నుంచి నది వెంట పైకి నడిస్తే, ఒక సీమపనస చెట్టు, దాని పక్కన కాస్త మెట్ట. ప్రతి ఆదివారం బట్టలుతుక్కోడానికి వెళ్లినప్పుడు అమ్మ ఆ మెట్ట మీద అటూ ఇటూ నడిచేది. "ఇక్కడ గుమ్మం. ఇక్కడ పొయ్యి, తూరుపు దిక్కుకి. ఇక్కడ నాను కూకుంటాను, ఎవుడూ లెమ్మనడు," అని నాకు చూపించేది. చిక్కల్లా ఒకటే. ఆ మెట్ట పక్క కోరో వాళ్లది. కోరో అంటే ఈ దేశపు అసలు మనుషుల ఊరు. ఆ ఊరి పెద్దాయన 'సరే' అంటేనే ఎవరైనా అక్కడ రాట పాతగలరు.

ఆ 'సరే' ఎలా సంపాదించాలో మాకు చెప్పినవాడు జహాజీ బాబాయి. అయ్యతో పాటు అదే జహాజులో, అంటే ఓడలో, వచ్చినవాడు. ఉత్తరాది మనిషి. ఓడలో పక్కపక్కన వాంతులు చేసుకున్న చుట్టరికం మరి, తోడబుట్టిన వాళ్లకన్నా గట్టిది. మా దగ్గర నేర్చిన తెలుగూ, తనకున్న హిందీ కలిపి ఒక సొంత భాష మాట్లాడేవాడు. "దేఖో భాయ్," అన్నాడు అయ్యతో, మా గుమ్మంలో గొంతుక్కూర్చుని. "నంగోన వేరు ఒక కట్ట తీసుకో. పెద్దాయన ఇంటికి జావో. అక్కడ చెక్క పళ్లెంలో నంగోన కలుపుతారు. కొబ్బరి చిప్పలో ఇస్తారు. తుమ్ ఒక్క గుక్కలో తాగేగా, తో జమీన్ మిలేగా. తుమ్ నహీ తాగేగా, తో బాత్ ఖలాస్."

నంగోన అంటే ఒక చెట్టు వేరు దంచి, నీళ్లలో పిసికి, నారతో వడకట్టిన పానీయం. చూడ్డానికి వానాకాలం నది నీళ్లలా ఉంటుంది, రుచి కూడా ఇంచుమించు అదే. తాగితే నాలుక మొద్దుబారుతుంది, కోపాలు తగ్గుతాయి. ఈ దేశంలో దాని ముందు కూర్చోకుండా ఏ పనీ జరగదు. అయ్యకు ఇందులో ఇబ్బందేమీ కనిపించలేదు. పొయ్యి దగ్గర నుంచి అమ్మే అడిగింది.

"మావా, ఆ సిప్పలెన్నుంటాయో అడుగు."

బాబాయి అమాయకంగా వేలు చూపించాడు. "ఏక్."

"ఒక్కటేనా? ఎంతమంది తాగుతారు?"

"ఇరవై. ముప్పై. ముందు పెద్దాయన, తర్వాత మన భాయ్, తర్వాత అందరూ."

గది నిశ్శబ్దమైపోయింది. పక్కగది కూడా నిశ్శబ్దమైపోయింది, వాళ్లూ వింటున్నారు కదా. అమ్మ గరిటె కింద పెట్టింది. "ముప్పై మంది ఎంగిలి సిప్ప మూతికెట్టుకుని వచ్చినోడికి నా సేత్తో కూడెయ్యను. ఆ మెట్టా వద్దు, ఆ ఇల్లూ వద్దు. ఇంకో అయిదేళ్లు సెరుకే కొడతాను."

ఆ చివరి మాట అని ఆవిడ పొయ్యి వైపు తిరిగిపోయింది. తూర్పు దిక్కు పొయ్యిని తన చేత్తో తానే ఆర్పుకున్నట్టయింది మరి. అయ్య బుర్ర గోక్కున్నాడు. ఒకపక్క ఇల్లు, ఒకపక్క ఇల్లాలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ మధ్యలో నిలబడి ఆయన నా వంక చూశాడు. నేను అమ్మ చెంబు వంక చూశాను. (ఇంత పెద్ద ఆలోచన పదేళ్ల పిల్లకు వచ్చిందని గొప్ప చెప్పుకోవడం లేదు. దాహం వేసి చూశానంతే.)

"ఎత్తి తాగితే?" అన్నాడు అయ్య.

అమ్మ కళ్లలో పొయ్యి మళ్లీ వెలిగింది.

ఆ మర్నాటి నుంచి సాయంత్రం పని దిగాక లైన్ల వెనక జామ పొదల చాటున సాధన మొదలైంది. అయ్య ఒక కొబ్బరి చిప్ప నున్నగా గీకి తెచ్చాడు. నేను నదిలోంచి నీళ్లు ముంచి ఇచ్చేదాన్ని, ఆయన తల వెనక్కి వంచి పోసుకునేవాడు. చెంబుతో తాగడం వేరు, చిప్పతో తాగడం వేరు అని మొదటి గుక్కకే తెలిసిపోయింది. చెంబుకు మెడ ఉంటుంది, మూతి ఉంటుంది, నీళ్లు దారంలా దిగుతాయి. చిప్పకేముంది? వంచిన మరుక్షణం మూడుపక్కల నుంచీ ఒక్కసారి దబ్బున పడుతుంది. మొదటి రోజు అయ్య తాగిన నీళ్లకన్నా ముక్కులోంచి వదిలిన నీళ్లు ఎక్కువ. రెండో రోజు చెవుల్లోకి పోయాయి. మూడో రోజు ఒక గుక్క నిజంగా గొంతులోకి దిగింది, ఆ ఆనందంలో నోరు మూసేసి మిగతాది మొహం మీద పోసుకున్నాడు. చెరకు కొట్టి కొట్టి అలసిన మనిషి, దాహం కోసం కాకుండా పరువు కోసం నీళ్లు తాగుతుంటే నాకు జాలేసింది. జాలితో పాటే నవ్వూ వచ్చింది. రెంటిలో నవ్వే ముందు బయటపడింది.

నవ్వింది నేనొక్కదాన్నే కాదు. జామ పొదల్లోంచి కిచకిచమని ఇంకో నవ్వు వినిపించింది. వెళ్లి చూస్తే రొయ్యల పిల్ల. కోరో పిల్ల, నా ఈడుదే. నదిలో రాళ్ల కింద చెయ్యి పెట్టి రొయ్యల్ని మీసాలు పట్టి లాగేది, అందుకే నేనలా పిలిచేదాన్ని. ఉప్పూకారం అద్దిన పచ్చిమామిడి ముక్కలు నేనిస్తే తను మాటలిచ్చేది. అలా మా లైన్లు మొత్తం మీద కోరో భాష గడగడా మాట్లాడగలిగిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యాను. ఇంతకీ ఆ పిల్ల ఎవరనుకున్నారు? ఆ పెద్దాయన మనవరాలే.

"ఈ సంగతి ఎవరికీ చెప్పకు. నా నెత్తి మీద చెయ్యేసి ఒట్టు పెట్టు," అన్నాను, దాని చెయ్యి లాగి నా తల మీద పెట్టుకోబోతూ. అది నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది. వాళ్లలో ఒకరి తల ఒకరు ముట్టుకోవడం మహాపరాధం. "తల మీదా? అమ్మో, నేను పెట్టను," అని పారిపోయింది. ఒట్టు సగంలోనే ఆగిపోయింది. సగం ఒట్టు కూడా ఒట్టే కదా అని నేను సరిపెట్టుకున్నాను. ఎంత వెర్రిదాన్నో!

ఐదో రోజు అమ్మ కూడా పొదల దగ్గరికి వచ్చింది. నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు చూసి, "ఈ మొగోళ్లకి నీళ్లు తాగడం కూడా రాదు. ఇలాగియ్యి," అని చిప్ప లాక్కుంది. నింపించింది. కొంగు బిగించింది. ఓడలో తుఫానుకే బెదరని మనిషి కదా, మేమిద్దరం నోళ్లు తెరుచుకుని చూస్తున్నాం. తల వంచింది, చిప్ప ఎత్తింది, వంచింది. చిప్పెడు నీళ్లూ ముక్కుపుడక మీద ఒక్కసారిగా పడ్డాయి. నోట్లోకి ఒక్క చుక్క పోలేదు.

అయ్య కదల్లేదు. నవ్వితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. అమ్మ తడిసిన మొహంతో మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత ఎక్కడో కడుపులోంచి ఒక శబ్దం వచ్చింది. అది నవ్వు. చిప్ప కింద పడేసి, కడుపు పట్టుకుని, "ఓలమ్మో, ఓలమ్మో" అంటూ కూలబడి నవ్వింది. ఈ దేశంలో దిగిన ఐదేళ్లలో అమ్మ అంత నవ్వు నవ్వడం నేను చూడలేదు. నవ్వితే ఆవిడ బుగ్గ మీద సొట్ట పడుతుందని నాకు ఆ రోజే తెలిసింది.

శుక్రవారం నాటికి అయ్య పదిసార్లకు ఏడుసార్లు చిప్పెడు నీళ్లూ చుక్క పోకుండా తాగుతున్నాడు. శనివారం పొద్దున్నే, కులంబరుకు జవాబు చెప్పాల్సిన రోజే, బయల్దేరాం. ముందు జహాజీ బాబాయి నంగోన వేరు కట్టతో. వెనక అయ్య, ఉతికిన పంచె, తెల్లటి తలపాగాతో. ఆ వెనక అమ్మ, కొంగులో చెంబుతో (ఎందుకో నాకు తెలియదు, బహుశా ధైర్యానికి). అందరికీ మధ్య నేను, దుబాసీని. మహారాణికి కూడా అంత టెక్కు ఉండదు.

పెద్దాయన ఇల్లు ఎత్తయిన గడ్డి కప్పు, పొట్టి గుమ్మం. వంగితే గాని లోపలికి పోలేం. లోపల మొగలి ఆకు చాపలు, వాటి మీద పాతికమంది మగవాళ్లు బాసిపట్లు వేసుకుని కూర్చున్నారు. పక్కగుమ్మం దగ్గర ఆడవాళ్లు, వాళ్లలో రొయ్యల పిల్ల. వాళ్ల పక్కనే అమ్మ కూర్చుంది. తల మీద బట్ట ఉండకూడదని బాబాయి గుసగుసలాడితే అయ్య తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. పెద్దాయన కొండలా ఉన్నాడు. నెరిసిన జుట్టు గుండ్రంగా పత్తికాయ పగిలినట్టుంది.

వేరు కట్ట ముందు పెట్టి అయ్య మొదలుపెట్టాడు. "బాబూ, నాను రెక్కల కట్టం మనిసిని. ఆ సీమపనస సెట్టుకాడ మూడు రాటలు పాతుకుంటే సాలు. మీ మాట జవదాటను. నా ఆడది అక్కడ పొయ్యెట్టుకుంటానని అయిదేళ్ల బట్టి కలలు కంటన్నాది."

నేను అదంతా కోరో భాషలోకి మార్చి చెప్పాను. నిజం చెప్పాలంటే కాస్త కారం కూడా కలిపాను. మా అయ్య కత్తి పడితే చెరకు తనంతట తానే పడుకుంటుందని, మా అమ్మ వంట వాసనకు చేపలు ఒడ్డెక్కుతాయని. పెద్దాయన తల పంకించి, "ముందు తాగుదాం," అన్నాడు.

చప్పట్లు కొట్టారు. పెద్దాయనకు చిప్ప ఇచ్చారు. ఆయన ఒక్క గుక్కలో తాగేశాడు, అందరూ మూడు చప్పట్లు చరిచారు. తర్వాత అదే చిప్ప నింపి అయ్య ముందు పట్టుకున్నారు. అప్పుడు చూశాను. అది బాబాయి చెప్పిన అందరి చిప్ప కాదు. అతిథి కదా అని గౌరవంగా పెద్దాయన సొంత చిప్పలోనే పోశారు. మా సాధన చిప్పకు రెండింతలుంది!

అయ్య దాన్ని చూశాడు. నన్ను చూశాడు. గుమ్మం దగ్గరున్న అమ్మను చూశాడు. అమ్మ చూపు ఆయన పెదవుల మీదే ఉంది. ఒకసారి చేతులు చరిచి, చిప్ప అందుకుని, తల వెనక్కి వంచి, జానెడు ఎత్తుకు లేపాడు. పాతికమంది ఊపిరి బిగబట్టారు. సగం దాకా అద్భుతంగా దిగింది. గుటక, గుటక, గుటక. ఆయన గొంతు తను నేర్చుకున్న కొలతకు సరిగ్గా మూతపడింది. మిగతా సగానికి ఎవరు జవాబు చెప్పాలి? అది ముక్కులోకి పోయింది, మీసాల్లోకి పోయింది, ఉతికిన పంచె మీదుగా చాప మీదికి పాకి పెద్దాయన మోకాలి దగ్గర ఆగింది. అయ్య దగ్గుతూ, తుమ్ముతూ, కళ్లలో నీళ్లతో, తలపాగాలో మొహం దాచుకున్నాడు.

అమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. మెట్ట, పొయ్యి, సీమపనస చెట్టు అన్నీ ఆ చాప మీద తడిగా కారిపోతున్నట్టనిపించింది నాకు. పెద్దాయన నా వైపు తిరిగాడు. "మీ నాన్న ఇలా ఎందుకు తాగాడు?"

నిజం చెప్పొచ్చు. మీ నోరు తగిలిన చిప్పకు మా నోరు తగలకూడదని చెప్పొచ్చు. చెబితే ఇంకేముంది, నేరుగా ఇంకో గిర్మిట్. పదేళ్ల పిల్లను, ఏం చేస్తాను? "మా దేశంలో గొప్పవాళ్ల ఇంట్లో ఇలాగే తాగుతారు," అనేశాను. "పెదవి తగలనివ్వరు. అంత మర్యాద." అక్కడితో ఆపేస్తే బాగుండేది. అబద్ధానికి తోక తగిలించకపోతే నాకు తోచదు. "ఎంత తడిస్తే అంత మర్యాద!"

పెద్దాయన కనుబొమలు లేచాయి. "ఎంత తడిస్తే అంతా?"

"అంతే," అన్నాను, కళ్లార్పకుండా.

ఆయన కాసేపు గడ్డం నిమురుకున్నాడు. తర్వాత తన చిప్ప మళ్లీ నింపమన్నాడు. నిండుగా. తల వెనక్కి వంచాడు. మూరెడు ఎత్తు నుంచి, జానెడు కాదు మూరెడు, మొత్తం ఒక్కసారి కుమ్మరించుకున్నాడు. ఆ తెల్లటి జుట్టు, ఆ విశాలమైన ఛాతీ అంతా బురదరంగు అయిపోయింది. నోట్లోకి ఎంత పోయిందో దేవుడికెరుక. కళ్లు తుడుచుకుని, చుట్టూ చూసి, "మీరూ!" అన్నాడు.

ఇంక చూడండి ఆ సంబరం! వరసగా ఒక్కొక్కడూ తల వంచడం, పోసుకోవడం, ఉక్కిరిబిక్కిరవడం. ఒక లావుపాటాయనకు గుటక అడ్డం పడి, పక్కవాడు వీపు మీద చరిస్తే, ఆ పక్కవాడి చేతిలో చిప్ప మూడోవాడి నెత్తిన పడింది. ఒక ముసలాయన నోరు తెరవడమే మరిచిపోయాడు. నంగోన కలిపేవాడు నవ్వలేక చెక్క పళ్లెం మీద వాలిపోయాడు. అన్నిటికన్నా అన్యాయమైపోయింది మా జహాజీ బాబాయి. ఏళ్ల తరబడి హాయిగా చిప్ప మూతికి పెట్టుకుని తాగుతున్న మనిషి. "హమ్ మద్రాజీ నహీ హై, దక్షిణాదివాణ్ణి కాదు!" అని మొత్తుకుంటున్నా వినకుండా అతని మీసాల నిండా పోయించారు. ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. వాళ్ల మధ్య మా అమ్మ, బుగ్గ మీద సొట్టతో, ఒక కోరో ముసలమ్మ భుజం పట్టుకుని ఊగిపోతోంది.

అంతా అయ్యాక పెద్దాయన తడి చేత్తో నదికి ఎగువ వైపు చూపించాడు. "ఆ చెట్టు దగ్గర కట్టుకోండి. రేపు మా కుర్రాళ్లు వెదుళ్లు తెస్తారు." ఆ మధ్యాహ్నం మా అయ్య బురదరంగు పంచెతోనే కులంబరు దగ్గరికి వెళ్లి గది ఖాళీ చేస్తున్నామని చెప్పాడు. దొర ఆయన్ని కింది నుంచి పై దాకా చూసి, రెండడుగులు వెనక్కి జరిగి తలూపాడు.

కోరో కుర్రాళ్లు వచ్చారు, వెదుళ్లు తెచ్చారు, కప్పు నేశారు. అమ్మ తూర్పు దిక్కుకు పొయ్యి పెట్టుకుని, మొదటి రోజు పని లేకపోయినా దాని ముందే కూర్చుంది. అయ్యకు మాత్రం కష్టాలు అప్పుడే మొదలయ్యాయి. కోరోలో పెళ్లయినా, చావైనా, ఊరికే వానొచ్చినా ఆయన్ని పిలిచేవాళ్లు, వెళ్తే అందరూ కలిసి ఎత్తి పోసుకునేవాళ్లు. మర్యాద మరి! పాపం ఆయనకు నంగోన రుచి మెల్లగా పట్టుబడింది, ఒక్కసారైనా తీరిగ్గా చప్పరిస్తూ తాగాలని ఉండేది. ఎలా కుదురుతుంది? ఏళ్ల తరబడి తడిసే వచ్చాడు. "ఎంగిలి తప్పినాది గానీ సాకిరి తప్పనేదు," అని అమ్మ మరకలు పోని పంచెలు బండకేసి బాదేది. ఆ దెబ్బలు పంచెకో, అబద్ధమాడిన నాకో తెలిసేది కాదు.

నాకు పెళ్లయి, ఇద్దరు పిల్లలు పుట్టాక, పెద్దాయన మంచం పట్టారని తెలిసి చూడ్డానికి వెళ్లాను. అప్పటికి గిర్మిట్‌లు రద్దయిపోయాయి, లైన్లు ఖాళీ అయ్యాయి. కొండలా ఉండే మనిషి చాప మీద దుప్పటిలా అయిపోయారు. ఇన్నేళ్లుగా దాచిన అబద్ధం చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆయన నవ్వి, నాకన్నా ముందే అన్నారు. "నాకు ఆ వారమే తెలుసు. నా మనవరాలు జామ పొదల్లోంచి చూసి వచ్చి, మీ నాన్న ఎలా తాగుతాడో నాకు నీళ్లతో చేసి చూపించింది. ఎందుకలా తాగుతాడో కూడా నేను ఊహించుకోగలిగాను."

నా మొహం కందగడ్డ అయిపోయింది. తల దించుకునే అడిగాను. "తెలిసీ మీరెందుకు పోసుకున్నారు?"

"మీ నాన్న మా ఇంటికొచ్చిన అతిథి," అన్నారు ఆయన. "మా చాప మీద ఆయనొక్కడే తడిసి కూర్చుంటే బాగుంటుందా?"

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. ఆవిడ అంతా విని, పొయ్యి ముందు చాలాసేపు కూర్చుంది. ఆ తర్వాత నెలకు పెద్దాయన పోయారు. కోరోకు అందరం వెళ్లాం. ఆడవాళ్ల వరసలోకి కూడా చిప్ప వచ్చింది, ఒకరి తర్వాత ఒకరు తాగుతున్నారు. అమ్మ ముందు ఆపకుండా దాటించబోయారు, ఆవిడ సంగతి అందరికీ తెలుసు కదా. అమ్మ చెయ్యి చాపి ఆపింది. రెండు చేతులతో చిప్ప అందుకుని, పెదవులకు ఆనించి, నెమ్మదిగా చివరి దాకా తాగింది. మూడు చప్పట్లు చరిచింది. నా వైపు చూసి, "ఒగరుగా ఉన్నాది," అంది. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. నేను ఏడ్చేశాను.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న మా మనవడు కొత్త ఇల్లు కట్టుకుని కోరో వాళ్లనూ మమ్మల్నీ పిలిచాడు. వెదురు ఇల్లు కాదు, సిమెంటు ఇల్లు. నంగోన కలిపారు. ఆ మనవడు కొత్తగా వచ్చిన పరాయి ఊరి అతిథులతో, మహా పండితుడిలా, "మా తెలుగువాళ్లలో శుభకార్యానికి ఇలా ఎత్తి పోసుకోవడం అనాదిగా వస్తున్న ఆచారం," అని చెబుతున్నాడు. కోరో కుర్రాళ్లు తలలూపి, "మాలోనూ అంతే, మా తాతల నుంచి ఉంది," అంటున్నారు. నేను నోరు మెదపలేదు. అబద్ధం నాదే అయినా, ఇంత ఎదిగి పెళ్లీడుకొచ్చాక దాన్ని కొట్టడానికి చేతులు రావు.

"ముందు నానమ్మ!" అన్నారు అందరూ. చిప్ప చేతికొచ్చింది. రెండు చేతులతో ఎత్తాను. చెప్పాను కదా, ఆ విద్య నాకు పట్టుబడలేదని. మొత్తం జాకెట్టు మీదే. పిల్లలంతా ఒక్క క్షణం ఆగిపోయారు, ముసలిది తడిసిపోయింది, నవ్వాలో తుడవాలో తెలియక. నాకు చచ్చేంత సిగ్గేసింది. అప్పుడు నా పక్కన కూర్చున్న రొయ్యల పిల్ల, ఇప్పుడు ఒక్క పన్ను కూడా లేని ముసలమ్మ, కిచకిచమని నవ్వి, చిప్ప నింపమని సైగ చేసింది. మూరెడు ఎత్తుకు లేపింది. నోరు మూసుకునే, నా వైపు చూస్తూనే, నెత్తి మీద కుమ్మరించుకుంది.